గుమ్మవలస ధర్మగంట

సూరీడమ్మ కుళాయికి అర్జీ పెట్టుకున్ననాటికి ఆమె కూతురికి పెళ్లి కాలేదు. ఇప్పుడు ఆ కూతురి కొడుకు బడికి వెళుతున్నాడు. ఈలోగా అర్జీ మాత్రం మున్సిపల్ ఆఫీసులో ఒక బల్ల మీంచి పక్క బల్ల మీదికి వెళ్లి, అక్కడి గాలి సరిపడక మళ్లీ మొదటి బల్లకే వచ్చేసింది.

గుమ్మవలస జనపనార మిల్లు మూతపడిన ఏడే ఆమె భర్త పోయాడు. అప్పటినుంచి మిల్లు వీధిలో తన ఇంటి అరుగు మీద పొయ్యి పెట్టుకుని అట్లు పోసి అమ్ముకుంటోంది. నానబెట్టడానికీ కడగడానికీ గిన్నెలు తోమడానికీ ఆ వ్యాపారానికి నీళ్లు చాలా కావాలి. ఆ నీళ్లు పక్కింటి దాలినాయుడు ఇచ్చేవాడు. అతనిది పిండిమర, ఆవిడ అట్లకు పప్పు రుబ్బేదీ అక్కడే. ఇంట్లో కుళాయి ఉంది. తెల్లారగానే "అప్పా, బిందెలు తే" అని సొంత అక్కను పిలిచినట్టు గోడవతల నుంచి కేకేసేవాడు. ఆవిడ మొదటి అట్టు అతనికే పెట్టేది. ఇద్దరికీ చుట్టరికం లేదు. ఉన్నట్టే ఉండేవారు.

అయినా రోజూ ఇంకొకరి కుళాయి కింద బిందె పెట్టడం సూరీడమ్మకు లోపల ఎక్కడో గుచ్చుకునేది. అందుకే వీలైనప్పుడల్లా కుళాయి విభాగం సీనియర్ అసిస్టెంటు నీలకంఠం కిటికీ ముందు నిలబడేది.

"తమరి అర్జీ పరిశీలనలో ఉందమ్మా" అనేవాడాయన, తలెత్తకుండా. "రేపు రండి."

ఆయన మర్యాదస్థుడు. ఇన్నేళ్లలో ఒక్కసారి కూడా 'రేపు రా' అనలేదు.

ఇలా ఉండగా ఊళ్లో పూర్వ వైభవ సమితి పుట్టింది. పుట్టించినవాడు షామియానాల సాంబమూర్తి. ఊళ్లో ఏ పార్టీ సభ జరిగినా కుర్చీలూ బల్లలూ మైకూ ఆయనవే. సభ అయ్యేదాకా సామాను కాపలా కాయాలి కనుక ఆయన ప్రతి ఉపన్యాసమూ తెర వెనక నుంచి పూర్తిగా విన్నాడు. ఉపన్యాసంలో ఏముందో పట్టించుకోలేదు. చప్పట్లు ఎక్కడ పడుతున్నాయో మాత్రం పట్టించుకున్నాడు. ఏ పార్టీ సభలోనైనా అవి రెండే రెండు చోట్ల గట్టిగా పడేవి: ఆఫీసరును తిట్టినప్పుడు, పాతకాలాన్ని పొగిడినప్పుడు. ఆ రెండింటినీ ఒకే ఉపన్యాసంలో పెట్టాలని అంతకుముందు ఎవరికీ తోచలేదు.

"మన రాజుల కాలంలో కుళాయి విభాగం ఉందా? సీనియర్ అసిస్టెంటు ఉన్నాడా?" అని మిల్లు వీధి మొగలో సాంబమూర్తి అడిగాడు. "కోట గుమ్మానికి ధర్మగంట ఉండేది. కష్టం వచ్చినవాడు తాడు లాగేవాడు. రాజు తింటున్న అన్నం వదిలేసి లేచి వచ్చేవాడు. అక్కడికక్కడే తీర్పు. ఫైలు లేదు, రేపు లేదు."

సూరీడమ్మకు ఒళ్లు జలదరించింది. పక్కన నిలబడ్డ దాలినాయుడు మెల్లగా అన్నాడు:

"అప్పా, రాజుల కాలంలో కుళాయిలు కూడా నేవు గదేటి."

"నువ్వూరుకోరా. ఇననీ."

నిజానికి గుమ్మవలసను ఏ రాజూ పాలించినట్టు ఎక్కడా లేదు. మిల్లు కట్టాక పుట్టిన ఊరు అది. మిల్లు సైరను వింటూ లేచి, సైరను వింటూ పడుకుంది. అయినా రాజు లేని లోటు ఆ సభతో అందరికీ ఒక్కసారిగా తెలిసివచ్చింది. ఎన్నికల్లో సమితి మిగతావాళ్లకు డిపాజిట్లు దక్కకుండా గెలిచింది. సాంబమూర్తి చైర్మనయ్యాడు. పెళ్లి రిసెప్షన్లకు అద్దెకిచ్చే ఎర్ర మఖమలు సింహాసనం ఆయన గోడౌన్లో ఎలాగూ ఉంది. దాన్ని చైర్మన్ గదికి చేర్పించి, తలకు జరీ తలపాగా చుట్టాడు.

గంట కోసం కొన్నాళ్లు వెతికారు. చివరికి మిల్లు పాత సామానులో షిఫ్టు గంట ఒకటి దొరికింది. దాని మీద దొరల కంపెనీ పేరు పోతపోసి ఉంది. మున్సిపల్ కమిషనర్ గారు దాని మీద మందంగా పసుపు పూయించి, "ఇప్పుడు పురాతనంగా ఉన్నది" అని ధ్రువీకరించారు.

ప్రారంభోత్సవం నాడు ఆఫీసు ముందు ఊరంతా నిలబడింది కాని తాడు ముట్టుకునే ధైర్యం ఎవరికీ రాలేదు. సూరీడమ్మ చేతిలో సంచీ పక్కన పెట్టి వెళ్లి లాగింది. ఎందుకు లాగిందో ఆమెకే తెలీదు. గంట మోతకు ఆమె రెండడుగులు వెనక్కి వేసింది.

సాంబమూర్తి వచ్చాడు. నిజంగానే భోజనం మధ్యలోంచి వచ్చాడు. చేతికి చారు మెతుకులు అంటుకునే ఉన్నాయి. చెప్పులు కూడా వేసుకోలేదు.

"ఏం తల్లీ, నీకేం కష్టం వచ్చింది?"

ఆ ఆఫీసులో సూరీడమ్మను ఇన్నాళ్లూ అర్జీ నంబరు అడిగారు, ఇంటి నంబరు అడిగారు, చిల్లర ఉందా అని అడిగారు. కష్టమేమిటని అడిగినవాడు ఇతనే.

"నీల్లు బాబూ" అంది, చెంగు నోటికి అడ్డం పెట్టుకుని.

"పొద్దు గూకేలోగా ఈ తల్లి ఇంట కుళాయి ఉండాలి" అన్నాడు సాంబమూర్తి, కమిషనర్ వైపు తిరిగి. జనం కొట్టిన చప్పట్లకు చెట్టు మీది కాకులు లేచిపోయాయి. పొద్దు గూకేలోగా ఫిట్టర్ గౌరీసు వచ్చి దగ్గర్లో కనిపించిన గొట్టానికి కోత పెట్టి కుళాయి బిగించి వెళ్లాడు. వీధి వీధంతా వచ్చి చూసింది. సూరీడమ్మ కుళాయికి బొట్టు పెట్టింది. మర్నాటికల్లా ఊళ్లో ప్రతి మలుపులోనూ ఆమె ఫొటోతో ఫ్లెక్సీలు వెలిశాయి: గంట కొట్టిన తల్లి. ఇన్నాళ్లూ ఆమె దగ్గర అట్లు బాకీ పెట్టి పోయేవాళ్లు కూడా ఆ వారం నమస్కారం పెట్టి పోయారు.

వారం తిరక్కుండానే దాలినాయుడు గోడ దగ్గరికి వచ్చాడు.

"అప్పా, నీకు కుళాయి ఏసిన కాణ్ణుంచీ నా కుళాయికి ఊపిరాడతనేదు. గౌరీసు నా గొట్టాన్నే కోసినట్టున్నాడు."

సూరీడమ్మకు జాలేసింది. వేసిన వెంటనే మార్గం కూడా తోచింది.

"దానికింత దిగులెందుకురా. గంటుంది గదా. ఎల్లి కొట్టు. ఆ బాబు ఇంటాడు."

ఆమె ఆ మాట మనస్ఫూర్తిగా అన్నది. గంట కొడితే తన కుళాయి ఉండగానే అతనికీ నీళ్లు వస్తాయని ఆమె ఉద్దేశం. దాలినాయుడు వెళ్లి కొట్టాడు. సాంబమూర్తి మళ్లీ లేచి వచ్చాడు. ఒకడి నోటి దగ్గరి నీళ్లు ఇంకొకరికి మళ్లిపోయాయని విని ఆయన మొహం ఎర్రబడింది.

"ఆ కుళాయి పీకించండి" అన్నాడు.

కమిషనర్ ఆయన చెవి దగ్గరికి వంగారు. "అయ్యా, ఇదే కుళాయి విషయమై తమరు లోగడ దయచేసిన ఉత్తర్వు ఒకటి..."

"లోగడ ఏమన్నానో ఫైలు తీసి చూసుకునే రాజు ఎక్కడైనా ఉన్నాడాండి?"

"చారిత్రకంగా తమరు సెలవిచ్చినది యథార్థము" అని కమిషనర్ సర్దుకున్నారు.

జనం కిందటిసారి ఎంత గట్టిగా కొట్టారో ఈసారీ అంత గట్టిగానే చప్పట్లు కొట్టారు. గౌరీసు వచ్చి కుళాయి విప్పుకుపోయాడు. సూరీడమ్మ బొట్టు పెట్టిన చోట గోడ మీద ఒక చిల్లు మిగిలింది.

ఆమె మర్నాడే వెళ్లి గంట కొట్టింది. ఎలుగెత్తి ఏడ్చింది. కుళాయి తిరిగొచ్చింది. దాలినాయుడు తన మరకు వచ్చేవాళ్లను వెంటేసుకుని వెళ్లి కొట్టాడు. కుళాయి పోయింది. సూరీడమ్మ అట్లు తినేవాళ్లను వెంటేసుకుని వెళ్లింది. ఎవరి వెనక జనం ఎక్కువుంటే చప్పట్లు వాళ్లవైపు పడేవి, చప్పట్లు ఎటు పడితే తీర్పు అటు పడేది. ఇద్దరిలో ఎవరి మాటా అబద్ధం కాదు. రెండు మాటలూ ఒక్కసారి కూర్చుని వినడానికి మాత్రం తీరిక లేదు, అవతల గంట మోగుతుండేది. తిరిగి తిరిగి విసిగిపోయిన గౌరీసు జాయింటు బిగించడం మానేశాడు. "మల్లీ రేపో ఎల్లుండో ఇప్పాల గదా" అన్నాడు. గొట్టం కారి మిల్లు వీధి బురదైంది.

గోడవతల నుంచి "అప్పా" అన్న పిలుపు ఆగిపోయింది. సూరీడమ్మ పప్పు రుబ్బించుకోవడానికి ఊరవతల మరకు వెళ్లసాగింది. మొదటి అట్టు చేతిలో పట్టుకుని ఓ క్షణం ఆగి, ఎదురుగా ఎవరుంటే వాళ్లకు వేసేసేది. సమితి పత్రిక మాత్రం ఈ కుళాయి ఒక్కదాని మీదనే ఎన్నో తీర్పులు లెక్కగట్టి, న్యాయం ఇంత విస్తారంగా మరెక్కడా దొరకడం లేదని రాసింది.

ఊళ్లో మిగతావాళ్లూ ఊరుకోలేదు. కూరలో ఉప్పు తగ్గిందని ఒకాయన గంట కొట్టాడు. అల్లుడు పలకరించలేదని ఇంకొకాయన కొట్టాడు. సాంబమూర్తి ప్రతిసారీ అన్నం వదిలేసి వచ్చాడు. మనిషి సగమయ్యాడు. తలపాగా వదులై చెవుల మీదికి జారేది. చివరికి పెన్షనరు ఒకాయన వచ్చి గంట కొట్టి, ఈ గంట మోతకు తనకు మధ్యాహ్నం నిద్ర పట్టడం లేదని ఫిర్యాదు చేశాడు. సాంబమూర్తికి ఆ బాధ బాగా అర్థమైంది. మధ్యాహ్నాలు గంట మోగరాదని తీర్పిచ్చాడు.

కమిషనర్ గారు ఎదురుచూస్తున్నది సరిగ్గా ఇందుకే. "అయ్యా, ధర్మగంట వినియోగమును క్రమబద్ధీకరించుట తక్షణావశ్యకము" అన్నారు. అలా గంట విభాగం ఏర్పడింది. దానికో నియమావళి వచ్చింది. గంట కొట్టదలచినవారు సంప్రదాయ దుస్తుల్లో రావాలి. కుడిచేత్తో లాగాలి. కష్టం స్వయంగా తమదేనని ముందుగా ధ్రువీకరించుకోవాలి. తాడు ఎంత ఎత్తున ఉండాలన్న విషయం మీద పూర్వీకుల దేహప్రమాణ నిర్ధారణ ఉపసంఘం వేశారు. మన పూర్వీకులు ఏడడుగుల ఆజానుబాహులు గనుక వారికి అందే ఎత్తులో తాడు ఉంటే సరిపోతుందని, అంతకంటె కిందికి వేలాడదీయడం పూర్వీకులను కించపరచడమని ఉపసంఘం తేల్చింది. తాడు కత్తిరించారు.

సూరీడమ్మ కుళాయి ఈలోగా మళ్లీ పోయింది. ఆమె కూతురి పెళ్లినాటి పట్టుచీర కట్టుకుని ఆఫీసుకు వెళ్లింది. గంట విభాగం గుమ్మంలో జరీ తలపాగా, పంచె, నడుముకు పట్టీతో గంటాధికారి కూర్చుని ఉన్నాడు. దగ్గరికి వెళ్లి చూస్తే నీలకంఠం.

"బాబూ, తాడు అందడంలేదు. పీట ఏదైనా ఇప్పించండి."

"పీట అన్నది ఇంజనీరింగు విభాగపు పరిధిలోనిదమ్మా" అన్నాడాయన, తలెత్తకుండా. తలపాగా బరువుకు ఇప్పుడు ఎత్తాలన్నా లేచేలా లేదు. "తమరి ఎత్తు పరిశీలనలో ఉంది. రేపు రండి."

సూరీడమ్మ బయటికొచ్చి గంట కింద మెట్టు మీద చతికిలబడింది. అప్పుడే దాలినాయుడు వచ్చాడు. అతని కుళాయిలోనూ నీళ్లు రావడం లేదు. ఆమె కుళాయి తీసిన చోట గొట్టం సరిగ్గా మూయలేదు, ఉన్న నీళ్లన్నీ వీధిలోకి పోతున్నాయి. తమ్ముడి పెళ్లిలో పెట్టిన పట్టుపంచె కట్టుకుని వచ్చాడు. ఆమెను చూసి మొహం తిప్పుకుని, తాడు వైపు చేయి చాచాడు. అందలేదు. పంచె ఎగ్గట్టి ఎగిరాడు. అందలేదు. మళ్లీ ఎగిరి, పట్టు తప్పి, కిందపడబోయి గోడ పట్టుకున్నాడు.

సూరీడమ్మకు నవ్వొచ్చింది. ఎంత ఆపుకున్నా ఆగలేదు. దాలినాయుడు కోపంగా చూసి, తన పంచె చూసుకుని, తనూ నవ్వేశాడు. వచ్చి మెట్టు మీద కాస్త ఎడంగా కూర్చున్నాడు.

"పెల్లికొడుకులాగున్నావురా" అంది ఆమె.

"నువ్వు మాత్రం?"



"ఆరోజు నేను కొడితే ఒక మనిషి అన్నం ఒగ్గీసి వొచ్చినాడురా" అంది సూరీడమ్మ, గంట వైపు చూస్తూ. "నా కోసం. నీ కట్టమేటని అడిగినాడు. అదంతా ఉత్తదే అంటావేటి?"

దాలినాయుడు ఆలోచించాడు. ఆమె మనసు నొచ్చుకునే మాట అనడం అతనికి ఇష్టం లేదు. అబద్ధం చెప్పడమూ ఇష్టం లేదు.

"ఉత్తది కాదప్పా. నేను కొడితేనూ వొచ్చినాడు. రావడం నిజంగానే వొచ్చినాడు. వొచ్చి ఇననేదు, అంతే."

"ఆయన దాకా ఎందుకు, మనమైనా ఇన్నామేటి? నువ్వు గోడకాడికొచ్చి సెప్పినప్పుడు నేను గంట కొట్టమన్నాను. గొట్టం సూద్దామననేదు."

"నేనూ సూద్దామననేదు గదా."

ఎండ మెట్టు మీదికి వచ్చేదాకా అక్కడే కూర్చున్నారు. లేచేముందు దాలినాయుడు అన్నాడు: "నా ఇంట్లోనూ ఒద్దు, నీ ఇంట్లోనూ ఒద్దు. మద్దిలో గోడకాడ ఒకటే పెట్టుకుందాం. తెల్లారి నువ్వు ముందు పట్టుకో. నాకు మర తెరిసేదాకా పనినేదు."

గౌరీసు తన సెలవు రోజున వచ్చి రెండు గొట్టాలనూ మూసేసి, గోడ దగ్గర ఒక్క కుళాయి పెట్టాడు. ఈసారి జాయింటు గట్టిగా బిగించాడు. వీధిలో కుళాయి లేని మిగతావాళ్లూ నెమ్మదిగా అక్కడికే రాసాగారు. బిందెల దగ్గర కేకలూ తగాదాలూ రోజూ ఉన్నాయి. ఏ తగాదా అయినా బిందెలు నిండేదాకానే నడిచేది. సూరీడమ్మ మళ్లీ దాలినాయుడి మరకే పప్పు పంపింది.

అవతల మున్సిపాలిటీలో గంట మోగడం పూర్తిగా ఆగిపోయింది. ఏడడుగుల మనిషి ఒక్కడూ రాలేదు. సాంబమూర్తి కడుపునిండా తిని, కాస్త తేరుకుని, కౌన్సిల్ సమావేశంలో సింహాసనం మీంచి లేచి నిలబడ్డాడు.

"గంట మోగడం లేదంటే అర్థమేమిటి? ప్రజలకు కష్టాలు లేవని. రాజుల కాలంలోనైనా గంట ఎప్పుడో ఒకసారి మోగేది. మనం రాజులను కూడా దాటిపోయాం."

సభ్యులు బల్లలు చరిచారు. ఊళ్లో ప్రతి వీధికీ కష్టరహిత వీధి అని రేకు బోర్డు పెట్టాలని తీర్మానించారు. ఒకప్పుడు అందరికంటె ఎక్కువ గంట కొట్టినది మిల్లు వీధి గనుక, మొదటి బోర్డు గౌరవం దానికే దక్కింది.

ఓ సాయంత్రం బాజాలతో ఊరేగింపు వచ్చింది. ముందు నీలకంఠం బోర్డు మోసుకుంటూ, వెనక కమిషనర్, ఆ వెనక సాంబమూర్తి. బోర్డు మీద అక్షరాలు వేలెడు మందాన పైకి పొంగేలా అచ్చు కొట్టించారు, దూరానికి కూడా కనిపించాలని. గోడ దగ్గరికి వచ్చేసరికి కమిషనర్ ఆగిపోయారు.

"ఇది అనధికార కుళాయి" అన్నారు. "నిబంధనల ప్రకారం తక్షణమే తొలగించవలసి ఉన్నది."

"తీసేస్తే ఏమవుతుంది?" అని సాంబమూర్తి గొంతు తగ్గించి అడిగాడు.

"వీధివారికి కష్టము సంభవించును."

"అప్పుడీ బోర్డు?"

కమిషనర్ చాలాసేపు కుళాయిని చూశారు. తర్వాత చూడటం మానేశారు. "తనిఖీలో సదరు స్థలమున ఎట్టి కుళాయియు దృగ్గోచరము కాలేదని నమోదు చేసుకొనుము" అని నీలకంఠానికి చెప్పారు. "బోర్డును సరిగ్గా దాని ముందర పాతించిన యెడల ఇకపైనా దృగ్గోచరము కాదు."

గుంత తవ్వి బోర్డు పాతారు. సాంబమూర్తి మైకు అందుకుని, జనంలో సూరీడమ్మను గుర్తుపట్టి దగ్గరికి పిలిచాడు.

"తల్లీ, నువ్వే చెప్పు. ఈ వీధిలో ఇంకేమైనా కష్టం మిగిలిందా?"

మైకు ఆమె నోటి దగ్గర పెట్టాడు. ఆమె నోరు తెరిచేలోగానే చప్పట్లు మొదలయ్యాయి. సూరీడమ్మ అతని మొహంలోకి చూసింది. ఆమె జవాబు కోసం అతను నిజంగానే ఆత్రంగా ఉన్నట్టు కనిపించాడు. చెవులు మాత్రం చప్పట్ల వైపు ఉన్నాయి. ఆమెకు కోపం రాలేదు. పాపం అనిపించింది. చప్పట్లు తగ్గేదాకా ఆగింది.

"నీల్లొచ్చే యేలయినాది బాబూ" అంది. "కాస్త పక్కకి జరగండి."

సాంబమూర్తి జరిగాడు. ప్రజలు సంపూర్ణ సంతృప్తిని వెలిబుచ్చారని కమిషనర్ రాసుకున్నారు. బాజాలు పక్క వీధికి మళ్లాయి.

బోర్డు అడ్డంగా ఉండటంతో బిందె లోపలికి పట్టలేదు. ఆడవాళ్లు అటూ ఇటూ వంగి చూశారు. దాలినాయుడు గునపం తెచ్చి బోర్డును పెకలించాడు. కుళాయి చుట్టూ నేల ఇంకా బురదగానే ఉంది. బిందె ఎత్తుకున్న వాళ్లు జారుతున్నారు. అతను బోర్డును అక్కడే బోర్లా పరచబోయాడు.

"అచ్చరాలు పైకి పెట్టరా" అంది సూరీడమ్మ, బిందె చంకనెత్తుకుంటూ. "కాలు జారదు."